650 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ను (కంప్యూటర్ పార్టులకు కరెంటు అందించే పెట్టెను) కరెంటు లాగే లోడ్ పెట్టకుండానే పరీక్షించి "లోపం లేదు" అని తిప్పి పంపడంపై ఫిర్యాదు

తెనాలి,
12 జూన్ 2025.

కస్టమర్ సర్వీస్ విభాగం హెడ్ గారికి,

విషయం: వారంటీలో ఉన్న ఎస్‌ఎంపీఎస్ వల్ల కంప్యూటర్ పదే పదే ఆగిపోవడం, మీ సర్వీస్ సెంటర్ సరిగా పరీక్షించకుండా వెనక్కి పంపడం, కొత్త పీసు ఇవ్వాలని కోరడం.

అయ్యా,

మీ కంపెనీ 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ను 2024 జూన్‌లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని ఒక షాపులో 5,400 రూపాయలకు కొన్నాను. ఐదేళ్ల వారంటీ ఉంది. ఏడు నెలలు బాగానే పనిచేసింది. ఈ ఏడాది జనవరి నెలాఖరు నుంచి కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. ఏప్రిల్‌లో దాన్ని హైదరాబాద్‌లోని మీ సర్వీస్ సెంటర్‌కు కొరియర్‌లో పంపాను. ఇరవై మూడు రోజుల తర్వాత "లోపం ఏమీ లేదు" అన్న స్లిప్పుతో అదే పీసు తిరిగొచ్చింది. బిగించిన రెండో రోజు సాయంత్రమే మళ్లీ ఆగిపోయింది. ఆ స్లిప్పులో రాసింది తప్పు. ఎందుకు తప్పో ఆధారాలతో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఈ కంప్యూటర్‌ను ఒక్కొక్క పార్టు కొనుక్కొచ్చి నా చేతులతోనే బిగించుకున్నాను. రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్, రెండు ఎస్ఎస్‌డీలు. గ్రాఫిక్స్ కార్డు ఎక్కువలో ఎక్కువ 170 వాట్లు లాగుతుంది, ప్రాసెసర్ ఒక 76 వాట్లు. మదర్‌బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు అన్నీ కలిపినా 350 దాటదు. ఆ కార్డుకు తయారీదారు చెప్పింది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. రేపు ఇంకో డిస్కు పెట్టుకున్నా ఇబ్బంది ఉండకూడదని నేను 650 కొన్నాను. కాబట్టి "మీరు ఓవర్‌లోడ్ చేస్తున్నారేమో" అని ఫోన్‌లో మీవాళ్లు అన్న మాట నిలబడదు.

మొదటిసారి ఎప్పుడు ఆగిందో నాకు బాగా గుర్తుంది. మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యాయి. మర్నాడు రిసెప్షన్‌లో తెర మీద వేయాల్సిన వీడియో అది. రాత్రి రెండవుతోంది, ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన వీడియోను పూర్తి ఫైలుగా తయారుచేయడం) 94 శాతం దగ్గరుంది. క్యాబినెట్‌లోంచి "టిక్" మని చిన్న చప్పుడు వచ్చింది. లోపలి ఫ్యాన్లన్నీ ఒక్కసారే నెమ్మదించి ఆగిపోయాయి. కరెంటు పోయిందనుకున్నాను. కానీ తల మీద సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టిన మానిటర్ వెలుగుతూ "నో సిగ్నల్" అని చూపిస్తోంది. క్యాబినెట్ వెనక నెట్ వైరు పెట్టే చోట చిన్న లైటు మిణుకుమంటూనే ఉంది. ముందున్న పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. వెనక ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆఫ్ చేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆన్ చేస్తేనే లేచింది.

మీ ఇంజనీర్లకు ఈ లక్షణాలు చాలు. నెట్ లైటు వెలుగుతోందంటే 5 వోల్టుల స్టాండ్‌బై (కంప్యూటర్ ఆగి ఉన్నా వచ్చే చిన్న కరెంటు) వస్తోంది, అంటే గోడ ప్లగ్గులో కరెంటు ఉంది. బటన్‌కు లేవకుండా వెనక స్విచ్ ఆపి వేస్తేనే లేస్తోందంటే ఎస్‌ఎంపీఎస్‌లోని ప్రొటెక్షన్ (తేడా వస్తే కరెంటు ఆపేసే ఏర్పాటు) తనంతట తానే కట్ చేసుకుని లాక్ అయిపోయిందన్నమాట. ఈ మాట నేను మీ హెల్ప్‌లైన్‌కు మూడుసార్లు చెప్పాను. మొదటిసారి విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. రెండోసారి "మేడమ్, ఇంట్లో మగవాళ్లు ఎవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి" అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. అది ఈ ఫిర్యాదులో భాగంగానే నమోదు చేయండి.

మీ మీద నింద వేసే ముందు తప్పు నా వైపు ఉందేమోనని నెలన్నర వెతికాను. కంప్యూటర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 ఉంది, బగ్‌చెక్ కోడ్ సున్నా. అంటే బ్లూ స్క్రీన్ రాలేదు, విండోస్‌కు తెలియకుండానే పవర్ పోయింది. వేడి వల్లనేమోనని టెంపరేచర్ లాగ్ పెట్టాను. ఆగిపోయే ముందు చివరి వరుసలో ప్రాసెసర్ 71 డిగ్రీలు, కార్డు 67. ర్యామ్‌ను రాత్రంతా మెమ్‌టెస్ట్‌లో ఉంచాను, ఒక్క ఎర్రర్ రాలేదు. ముందు బటన్ లోపల ఇరుక్కుంటోందేమోనని దాని వైరు పీకేసి, బోర్డు మీది రెండు పిన్నులను స్క్రూడ్రైవర్‌తో తాకించి ఆన్ చేసి వాడాను. అయినా ఆగింది. బోర్డు క్యాబినెట్‌కు ఎక్కడైనా తగిలి షార్ట్ అవుతోందేమోనని మొత్తం బయటికి తీసి, అట్టపెట్టె మీద పెట్టి నడిపాను. అయినా ఆగింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్లగ్గు చూపించాను. 231 వోల్టులు వస్తోంది, ఎర్తింగ్ బాగుంది. యూపీఎస్ తీసేసి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టాను, ఆ తర్వాత పక్క గదిలో వేరే లైనుకు మార్చి చూశాను. ఎక్కడ పెట్టినా అదే తంతు.

ఆఖరికి మల్టీమీటర్ కొన్నాను. పసుపు వైరులో 12 వోల్టులు రావాలి. ఐదు శాతం అటూ ఇటూ ఉండొచ్చని, అంటే 11.40 కంటే తగ్గకూడదని మీ మాన్యువల్‌లోనే ఉంది. పని లేనప్పుడు 12.09 చూపించింది. ఎక్స్‌పోర్ట్ మొదలవగానే 11.74. నలభై నిమిషాలయ్యేసరికి 11.52. ఆగిపోయే ముందు మీటర్ మీద నేను చూసిన చివరి అంకె 11.36. మీటర్, మానిటర్ రెండూ ఒకే ఫ్రేములో కనబడేలా ఫోన్‌తో వీడియో తీసి మీ మెయిల్‌కు పంపాను. మామూలు మీటర్‌కు మిల్లీసెకన్లలో జరిగే పడిపోవడాలు దొరకవు. నాకు కనబడినదే 11.36 అయితే, ఆసిల్లోస్కోప్ పెడితే ఇంకెంత కిందికి కనబడుతుందో చూడాల్సింది మీరు.

అన్నిటికన్నా బలమైన ఆధారం ఇంకొకటుంది. మా తమ్ముడి కంప్యూటర్‌లోంచి వేరే కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తెచ్చి నా దానికి పెట్టాను. ఇంకే పార్టూ మార్చలేదు. తొమ్మిది రోజులు రోజుకు పది గంటల చొప్పున పనిచేశాను, ఒక్కసారి కూడా ఆగలేదు. పదో రోజు మళ్లీ మీది బిగించాను. ఆ రాత్రే ఆగిపోయింది. అదే ఇల్లు, అదే ప్లగ్గు, అదే బోర్డు. మారింది మీ పెట్టె ఒక్కటే.

ఇదంతా నాలుగు పేజీలు రాసి, తేదీలతో సహా పార్సిల్‌లో పెట్టి పంపాను. ప్యాక్ చేసేటప్పుడు కేబుళ్లు చిక్కుపడకుండా రెండు కట్టలు కట్టాను. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబుల్, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే కేబుళ్లు ఒక కట్ట, వాటికి పురికొస చుట్టి మూడు ముళ్లు వేశాను. బోర్డుకు వెళ్లే 24 పిన్నుల పెద్ద కేబుల్‌కు రబ్బరు బ్యాండు వేశాను. పార్సిల్ తిరిగొచ్చాక విప్పితే రబ్బరు బ్యాండు లేదు. పురికొస మాత్రం నేను కట్టింది కట్టినట్టే ఉంది. మూడు ముళ్లూ అలాగే ఉన్నాయి, చివర నేను కత్తెరతో కోసిన పోగులతో సహా. ఫొటో జతపరిచాను, చూడండి.

దాని అర్థం ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. మీ సర్వీస్ సెంటర్‌లో 24 పిన్నుల కేబుల్‌కు చిన్న టెస్టర్ పెట్టి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసి, "ఓకే" అని రాశారు. గ్రాఫిక్స్ కార్డు కేబుల్‌కు ఏ లోడూ పెట్టలేదు. పెట్టాలంటే ఆ ముడి విప్పాలి. నేను చెప్పిన లోపం లోడ్ ఉన్నప్పుడు, అదీ వేడెక్కాక వచ్చేది. చల్లగా, ఖాళీగా ఉన్నప్పుడు 12.09 చూపిస్తుందని నేనే రాసిచ్చాను కదా. నా నాలుగు పేజీలను మీ టెక్నీషియన్ ఒక్కసారి చదివి ఉంటే అలా పరీక్షించేవారు కాదు. పెట్టె మీద 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉందని స్లిప్పు వెనక రాశారు. ఆ గుర్తు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది. 12 వోల్టుల లైను నిలకడగా ఉంటుందని అది హామీ ఇవ్వదు.

ఈ ఐదు నెలల్లో నాకు జరిగిన నష్టం చెబుతాను. ఆగిపోయినప్పుడు రాస్తున్న ప్రాజెక్ట్ ఫైలు పాడై ఒక పెళ్లి తలంబ్రాల భాగం మొత్తం మళ్లీ కట్ చేయాల్సి వచ్చింది. రెండు ఆర్డర్లు వేరేవాళ్లకు అప్పగించాను. మొదటి రాత్రి ఆగిన ఆ వీడియో రిసెప్షన్‌కు అందలేదు. పెళ్లికూతురి తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు, అడ్వాన్సు కూడా వెనక్కి అడగలేదు. ఆయన ముఖం చూడలేక అడ్వాన్సు నేనే తిరిగిచ్చేశాను. ఇప్పుడు ఏ ఎక్స్‌పోర్ట్ పెట్టినా, అయ్యేదాకా కుర్చీలోంచి లేవకుండా ఆ "టిక్" కోసం వింటూ కూర్చుంటున్నాను. ఈ టెన్షన్ మీ స్లిప్పులో ఎక్కడా కనబడదు.

మూడోసారి ఫోన్ చేసినప్పుడు మీ ప్రతినిధి "మీరు వ్యాపారానికి వాడుతున్నారు కాబట్టి వినియోగదారుల చట్టం మీకు వర్తించదు" అన్నారు. ఇదీ తప్పే. బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిలో సొంతంగా వాడుకునే వస్తువు కొన్నవారు కూడా వినియోగదారులేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో స్పష్టంగా ఉంది. అదే చట్టం ప్రకారం నేను హైదరాబాద్ రానక్కర్లేదు, నేను ఉండే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు కూడా లేదు. లోపం పరీక్ష చేస్తే గానీ తేలదనుకుంటే కమిషనే వస్తువును ల్యాబ్‌కు పంపిస్తుంది. నాకు కోర్టుల చుట్టూ తిరిగే తీరిక లేదు, సరదా అంతకన్నా లేదు. కానీ ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో పరిష్కారం రాకపోతే ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, ఆ తర్వాత కమిషన్‌కు వెళ్తాను.

నేను కోరేది ఇది. ఈ పీసు బదులు కొత్తది ఇవ్వండి. రిపేరు చేసిన పాతది వద్దు. పంపే ముందు కనీసం 350 వాట్ల లోడ్‌తో రెండు గంటలు నడిపి, 12 వోల్టుల లైను రీడింగులు కాగితం మీద రాసి, పరీక్షించినవారి సంతకంతో జతచేయండి. అది కుదరకపోతే కొన్న ధర 5,400 తిరిగివ్వండి. మొదటిసారి నాకైన కొరియర్ ఖర్చు 380 రూపాయలు కూడా ఇప్పించండి. రెండోసారి పార్సిల్ తీసుకెళ్లే ఏర్పాటు మీరే చేయాలి. ఒకవేళ ఈ లోపం మరికొందరికి కూడా వచ్చి ఉంటే, అదే బ్యాచ్ పీసులు కొన్నవాళ్లకు మీరే ముందుగా చెప్పండి. అందరి దగ్గరా మార్చి చూడటానికి తమ్ముడి ఎస్‌ఎంపీఎస్ ఉండదు.

బిల్లు, వారంటీ కార్డు, మీ స్లిప్పు, మీటర్ రీడింగుల పట్టిక, ఈవెంట్ వ్యూయర్ ప్రింట్లు, పురికొస ముడి ఫొటోలు (పంపే ముందు ఒకటి, వచ్చాక ఒకటి) జతపరిచాను. ఎస్‌ఎంపీఎస్ నా దగ్గరే ఉంది, సీలు తీయలేదు. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఆరు వరకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ఫోన్ నేనే ఎత్తుతాను, టెక్నికల్ వివరాలన్నీ నాతోనే మాట్లాడండి.

ఇట్లు,
మీ వినియోగదారు,
తెనాలి, గుంటూరు జిల్లా.