డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తే ఫార్మాటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ కంప్యూటర్ శీర్షికలో ఒక పాఠకుడి ప్రశ్న, దానికి మీవాళ్లిచ్చిన జవాబు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఆయన అడిగింది చిన్న విషయం. విండోస్ 7 కంప్యూటర్, పొద్దున్నే ఆన్ చేస్తే వాల్‌పేపర్ తప్ప ఇంకేమీ రాలేదు, ఐకాన్లు లేవు, కింద టాస్క్‌బార్ లేదు, స్టార్ట్ బటన్ లేదు, ఫైళ్లన్నీ పోయాయేమోనని టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి? జవాబు రెండు ముక్కల్లో తేల్చేశారు. అది పాతబడిన విండోస్, ఫార్మాట్ చేయించండి, వీలైతే కొత్త కంప్యూటర్ కొనుక్కోండి.

ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమన్నట్టుంది ఇది. ఆయన ఫైళ్లు అప్పటికి పోలేదు, కనిపించడం లేదంతే. మీ సలహా పాటిస్తే మాత్రం నిజంగానే పోతాయి.

ఇంత కోపం ఎందుకంటే మా బాబాయికి ఇదే జరిగింది. ఆయన అన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకునే రకం, లెక్కలు, ఫొటోలు, స్కాన్ చేసిన కాగితాలు, అన్నీ. ఒకరోజు స్క్రీన్ ఖాళీ అయింది. రిపేరు చేసే అతను వచ్చి, విండోస్ పాడైందని చెప్పి, బ్యాకప్ ఉందా అని కూడా అడగకుండా గంటలో ఫార్మాట్ కొట్టి కొత్తగా ఎక్కించి వెళ్లిపోయాడు. డెస్క్‌టాప్ అంటే సి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ అని, సి డ్రైవ్ తుడిచేస్తే అదీ పోతుందని మా బాబాయికి అప్పుడు తెలిసింది. కొన్ని నెలలకి మళ్లీ అచ్చం అలాగే ఖాళీ స్క్రీన్ వచ్చింది. ఈసారి నేను అక్కడే ఉన్నాను కాబట్టి మూడు కీలు కలిపి నొక్కి ఒక పదం టైప్ చేశాను, మొత్తం తిరిగొచ్చింది. మొదటిసారి కూడా అంతేనేమో, ఇప్పుడు ఎవరు చెప్పగలరు!

అసలు సంగతి ఏమిటంటే, విండోస్‌లో మనం చూసే ఐకాన్లు, టాస్క్‌బార్, స్టార్ట్ మెనూ, ఇవన్నీ గీసేది ఎక్స్‌ప్లోరర్ అనే ఒక ప్రోగ్రాం. 1995లో విండోస్ 95తో మొదలైన ఏర్పాటు ఇది. నోట్‌ప్యాడ్ ఎలా ఒక ప్రోగ్రామో ఇదీ అంతే, దానికీ ఒక్కోసారి హ్యాంగ్ అవడం, మూసుకుపోవడం ఉంటాయి. మామూలుగా పడిపోయినా దానంతటదే లేస్తుంది, ఒక్కోసారి లేవదు. అప్పుడు వాల్‌పేపర్ ఒక్కటే మిగులుతుంది. వెనకాల విండోస్ చక్కగా నడుస్తూనే ఉంటుంది, ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి.

అందుకే నేనైతే ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేది ఒకటే, కింద టాస్క్‌బార్ ఉందా లేదా అని.

లేదన్నారనుకోండి, ఎక్స్‌ప్లోరర్ నడవడం లేదని అనుమానించాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే నడుస్తున్న ప్రోగ్రాములన్నీ చూపించే టాస్క్ మేనేజర్ వస్తుంది, అంతకుముందు వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనైనా విండోస్ 7లోనైనా. అందులో ఫైల్ మెనూలో న్యూ టాస్క్ అని ఉంటుంది, అది నొక్కి వచ్చిన పెట్టెలో ఎక్స్‌ప్లోరర్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో (explorer) టైప్ చేసి ఎంటర్ కొట్టాలి. చాలాసార్లు కథ ఇక్కడితో అయిపోతుంది. (ఇంకో తమాషా ఏమిటంటే కొందరికి ఆ టాస్క్ మేనేజర్‌లో కూడా మెనూలు కనిపించవు, పొరపాటున దాని అంచు మీద డబుల్ క్లిక్ పడితే మెనూలన్నీ మాయమవుతాయి. మళ్లీ అంచు మీదే డబుల్ క్లిక్ చేస్తే వచ్చేస్తాయి. ఇది తెలియక టాస్క్ మేనేజర్ కూడా పాడైందని బెంబేలెత్తిపోయినవాళ్లని చూశాను.)

అలా తెచ్చుకున్నా, రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ ఖాళీ స్క్రీనే వస్తోందంటే అది కొంచెం లోతైన వ్యవహారం. లాగిన్ అయ్యాక ఏ ప్రోగ్రాంని మొదలుపెట్టాలో రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చిట్టాలో, విన్‌లాగాన్ అనే చోట షెల్ అనే పేరుతో రాసి ఉంటుంది, అక్కడ ఎక్స్‌ప్లోరర్ పేరు ఒక్కటే ఉండాలి. కొన్ని వైరస్‌లు అక్కడ తమ పేరు చేర్చుకుంటాయి. తర్వాత యాంటీవైరస్ వచ్చి ఆ వైరస్ ఫైల్‌ని తీసేస్తుంది కానీ రిజిస్ట్రీలో రాసిన మాటని సరిచేయకుండా వదిలేస్తే, విండోస్ పాపం లేని ఫైల్ కోసం వెతుక్కుని ఊరుకుంటుంది. వైరస్ పోయాక డెస్క్‌టాప్ పోయింది అని జనం చెప్పే మాటలో అర్థం ఇదే. రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి ఆ ఒక్క మాట సరిచేస్తే సరిపోతుంది, అయితే అలవాటు లేనివాళ్లు రిజిస్ట్రీ జోలికి పోకుండా ముందు సేఫ్ మోడ్, అంటే అత్యవసరమైనవి తప్ప ఇంకేమీ లేకుండా విండోస్ నడిచే పద్ధతి, చూడటం మంచిది. ఆన్ చేయగానే ఎఫ్8 కొడుతూ ఉంటే ఆ మెనూ వస్తుంది. సేఫ్ మోడ్‌లో అంతా బాగానే కనిపిస్తే, కొత్తగా వేసిన ఏదో ప్రోగ్రామో, పరికరాన్ని నడిపించే డ్రైవరో అడ్డుపడుతోందని అర్థం. అక్కడి నుంచే సిస్టం రిస్టోర్‌తో బాగున్న తేదీకి వెనక్కి వెళ్లొచ్చు, దానివల్ల మన డాక్యుమెంట్లు, ఫొటోలు చెరిగిపోవు. ఇంత సౌకర్యం పెట్టుకుని ఫార్మాట్ అంటారేమిటండీ.

టాస్క్‌బార్ ఉంది, ఐకాన్లే లేవు అన్నారనుకోండి, అది ఇంకా తేలిక. ఖాళీ స్క్రీన్ మీద రైట్ క్లిక్ చేస్తే విండోస్ 7లో వ్యూ అనీ, ఎక్స్‌పీలో అరేంజ్ ఐకాన్స్ బై అనీ ఉంటుంది, దాని లోపల షో డెస్క్‌టాప్ ఐకాన్స్ పక్కన టిక్ ఉందో లేదో చూడాలి, లేకపోతే పెట్టాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే నూటికి తొంభై ఇదే. అసలు రైట్ క్లిక్కే పనిచేయకపోతే అప్పుడు పాలసీ సెట్టింగ్ ఏదో, అంటే కంప్యూటర్ నిర్వహించేవాళ్లు పెట్టే ఆంక్ష, డెస్క్‌టాప్‌ని దాచిందేమో చూడాలి, ఆఫీసు కంప్యూటరైతే అక్కడ సిస్టమ్స్ చూసే మనిషిని అడగడమే దారి. ఇంకోటి, మునుపు ప్రొజెక్టరో రెండో మానిటరో తగిలించి తీసేసినా, విండోస్ అది ఇంకా ఉందనుకుని ఐకాన్లని అటు పంపిస్తుంది, విండోస్ 7లో విండోస్ కీ పట్టుకుని పి నొక్కితే ఏ స్క్రీన్ కావాలో ఎంచుకోవచ్చు.

టాస్క్‌బార్ ఎటో వెళ్లిపోయిన కేసులు కూడా పోగొట్టుకున్నవాటి లెక్కలోకే వస్తుంటాయి. ఆటో హైడ్ పెట్టి ఉంటే మౌస్ కిందకి తీసుకెళ్తే తప్ప కనిపించదు, లాక్ లేకపోతే ఎవరో లాగి పక్క అంచుకో పై అంచుకో చేర్చి ఉంటారు, లేదంటే దాని మందం దారమంత అయిపోయి ఉంటుంది. ఎక్స్‌పీలో మౌస్‌ని అడుగు అంచుకి తీసుకెళ్తే రెండు వైపులా బాణం గుర్తొస్తుంది, అప్పుడు పట్టుకుని పైకి లాగడమే. స్టార్ట్ మెనూ మాత్రం కావాలంటే కంట్రోల్, ఎస్కేప్.

కొన్నిసార్లు దొంగ బయటివాడు కాదు, విండోసే. ఎక్స్‌పీలో డెస్క్‌టాప్ క్లీనప్ విజార్డ్ అని ఒకటి ఉండేది, అరవై రోజులకోసారి లేచి మీరు వాడని షార్ట్‌కట్లు సర్దేస్తానంటుంది, మనం చదవకుండా నెక్స్ట్ నెక్స్ట్ కొట్టేస్తాం, అది వాటన్నిటినీ అన్‌యూజ్డ్ డెస్క్‌టాప్ షార్ట్‌కట్స్ అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. ఆ ఫోల్డర్ డెస్క్‌టాప్ మీదే ఉంటుంది, తెరిచి చూస్తే అన్నీ అందులోనే. విండోస్ 7 అయితే అడగను కూడా అడగదు. వారానికోసారి నడిచే మెయింటెనెన్స్‌లో, పనిచేయని షార్ట్‌కట్లు నాలుగుకి మించి ఉంటే తీసిపారేస్తుంది. పనిచేయని అంటే నిజంగా పాడైనవే కానక్కర్లేదు, ఆ సమయానికి పెన్‌డ్రైవ్ పెట్టి లేకపోయినా, నెట్‌వర్క్ డ్రైవ్ దొరక్కపోయినా దాని లెక్కలో అవి పాడైనవే. ఇలా వారం వారం ఐకాన్లు తగ్గిపోతుంటే కంప్యూటర్‌లో దయ్యం ఉందనుకోకుండా యాక్షన్ సెంటర్‌లో ట్రబుల్‌షూటింగ్ తెరిచి, చేంజ్ సెట్టింగ్స్‌లో కంప్యూటర్ మెయింటెనెన్స్‌ని ఆఫ్ చేసుకోవాలి.

అన్నిటికంటే భయపెట్టేది ఇంకోటి ఉంది. ఐకాన్లూ టాస్క్‌బార్ ఉంటాయి కానీ మనవి కావు, కొత్తగా కొన్న కంప్యూటర్‌లా ఉంటుంది, డాక్యుమెంట్లు తెరిస్తే ఖాళీ. విండోస్ 7 మన ప్రొఫైల్‌ని, అంటే మన పేరు మీద ఉన్న ఫైళ్లూ సెట్టింగులని, చదవలేక తాత్కాలిక ప్రొఫైల్‌తో లోపలికి పంపినప్పుడు ఇలా అవుతుంది, మూలన చిన్న మెసేజ్ కూడా చూపిస్తుంది, అది ఎవరూ చదవరు. ఇలాంటప్పుడు సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్‌లోకి, ఎక్స్‌పీ అయితే డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మన పేరున్న ఫోల్డర్ చూస్తే, దాని లోపల డెస్క్‌టాప్ అనే ఫోల్డర్‌లో అన్నీ భద్రంగా కనిపిస్తాయి. ముందు అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే గుండె కుదుటపడుతుంది, మిగతాది తాపీగా చూసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, తాత్కాలిక ప్రొఫైల్‌లో ఉండగా కొత్త పని చేసి దాని డెస్క్‌టాప్ మీద దాచకండి, లాగాఫ్ అయితే అది పోతుంది.

2011 ప్రాంతంలో హార్డ్‌డిస్క్ పాడైందని, బాగుచేయాలంటే డబ్బు కట్టమని బెదిరించే దొంగ ప్రోగ్రాములు తిరిగాయి. అవి చేసిన పని ఫైళ్లన్నిటికీ హిడెన్ గుర్తు పెట్టేయడం, స్టార్ట్ మెనూ షార్ట్‌కట్లని తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్ లోపల ఒక మూలకి తరలించడం. ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైళ్లు చూపించమంటే అన్నీ పాలిపోయిన ఐకాన్లతో బయటపడేవి, అన్నీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో హిడెన్ టిక్ తీసేస్తే సరి. కానీ కంగారులో ముందుగా టెంప్ ఫైళ్లు శుభ్రం చేసినవాళ్లు ఆ షార్ట్‌కట్లని వాళ్ల చేతులతోనే తుడిచేసుకున్నారు. అందుకే నేను ఖాళీ స్క్రీన్ చూసినప్పుడు క్లీనర్ సాఫ్ట్‌వేర్‌లు నడపొద్దని మొత్తుకుంటాను.

ఇక పాత విండోస్ అనే మాట. నేనేమీ పాతదాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కి 2020 జనవరి 14తో సపోర్ట్ ఆగిపోయింది, ఆ కంప్యూటర్లలో నెట్ బ్యాంకింగ్ లాంటివి చేయకూడదనే నేనూ చెబుతాను. కానీ కొత్త విండోస్‌కి డ్రైవర్ లేని స్కానర్ ఉన్నవాళ్లు, పాత సాఫ్ట్‌వేర్‌లోనే ఏళ్ల లెక్కలున్నవాళ్లు నెట్ తీసేసి దాన్నే వాడుకుంటున్నారు, వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. పైగా పాతది కాబట్టే పాడైంది అనడం కూడా అన్నివేళలా నిజం కాదు. విండోస్ 7కి అందరికీ ఇచ్చిన ఆఖరి నెలవారీ అప్‌డేట్, ఆ 2020 జనవరిదే, అది వేసుకున్నాక వాల్‌పేపర్‌ని తెరంతా సాగదీసే స్ట్రెచ్‌లో పెట్టుకున్నవాళ్లకి వెనక తెర నల్లగా అయిపోయింది. మైక్రోసాఫ్ట్ మొదట డబ్బు కట్టి అదనపు సపోర్ట్ తీసుకున్నవాళ్లకే సరిచేస్తామని చెప్పి, తర్వాత మనసు మార్చుకుని అందరికీ ఇచ్చింది. ఈలోగా స్ట్రెచ్ బదులు ఫిల్ అని మార్చుకుంటే చాలు, నలుపు పోయేది. దానికి కూడా ఫార్మాట్ చేయించుకున్నవాళ్లు ఎక్కడో ఉండే ఉంటారు.

ఫార్మాట్ ఎప్పుడూ వద్దని కాదు. హార్డ్‌డిస్క్ నిజంగా దెబ్బతింటే కొత్త డిస్క్ వేయక తప్పదు, సిస్టం ఫైళ్లు బాగుపడనంత పాడైతే మళ్లీ ఎక్కించక తప్పదు. అప్పుడైనా ముందు డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, లేదా పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ బదులు లినక్స్ అనే ఇంకో సిస్టంతో కంప్యూటర్ ఆన్ చేసి, ఫైళ్లు బయటికి తీసుకున్నాకే ఆ పని. మీ శీర్షికలో ఫార్మాట్ అనే మాట పక్కనే ఈ ఒక్క మాటా ఎందుకు లేదు? చదివేవాళ్లలో సగం మంది దాన్ని పట్టుకుని నేరుగా రిపేరు షాపుకి వెళ్తారు కదా.

ఆ పాఠకుడి చిరునామా మీ దగ్గర ఉండే ఉంటుంది. ఆయన ఇంకా ఫార్మాట్ చేయించకపోతే, ముందు కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కి చూడమని ఒక కబురు పంపండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు