శీనుగాడికి: వచ్చి పోయే లైట్ల సంగతి

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో నువ్వు "లైట్లు ఉన్నట్టుండి పోతున్నాయిరా, కాసేపటికి వాటంతటవే వస్తున్నాయి, ఎలక్ట్రీషియన్ వచ్చాడంటే మాత్రం బుద్ధిగా వెలుగుతున్నాయి" అన్నప్పుడు పగలబడి నవ్వాను కదా, అది నిన్ను చూసి నవ్వింది కాదు. మా ఇంటి బాగోతమే నీ నోట విన్నట్టయింది. ఫోన్లో చెబితే సగం నువ్వు వినవు, సగం నేను మర్చిపోతాను. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

పూర్తిగా చచ్చిన లైటుతో పెద్ద పేచీ లేదు. టెస్టర్ పట్టుకుని ఒక్కో పాయింటూ చూసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది. వచ్చి పోయే ఫాల్టుతోనే తంటా. మనం చూసే వేళకి అంతా బాగానే ఉంటుంది. బాగున్న వైరింగుని ఎన్నిసార్లు విప్పి చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది? పైగా బోర్డు విప్పగానే లోపల వైర్లు కదులుతాయి. లూజుగా ఉన్నది ఆ కుదుపుకి సర్దుకుని అతుక్కుంటుంది. ఎలక్ట్రీషియన్ ఒక స్విచ్ మార్చి వెళ్ళిపోతాడు, మనం సంతోషిస్తాం, కొన్నాళ్ళకి మళ్ళీ మొదలు. మా ఇంట్లో మొదట జరిగింది అదే. అతన్ని ఏమనగలం? అతనొచ్చినప్పుడు ఫాల్టు లేదు మరి. కాబట్టి స్క్రూడ్రైవర్ జోలికి పోకముందే, అది ఎప్పుడు పోతోంది, దాంతోపాటు ఇంకేం పోతున్నాయి, ఏవి పోవట్లేదు, ఇవి తేల్చుకో. సగం పని అక్కడే అయిపోతుంది.

ఒక్క బల్బే ఆడుతుంటే ముందు ఆ బల్బునే అనుమానించు. ఎల్ఈడీ బల్బుల్లో లోపలి డ్రైవర్ (బల్బుకి సరిపడా కరెంటు ఇచ్చే సర్క్యూట్) వేడెక్కి ఆరిపోయి, చల్లారాక మళ్ళీ వెలిగే రకాలు ఉంటాయి. మూసేసిన డోముల్లో పెట్టినవి మరీనూ. బాగా వెలిగే బల్బు ఇంకోటి తెచ్చి అక్కడ పెట్టు, దీన్ని ఇంకోచోట పెట్టు. జబ్బు బల్బుతోపాటు వెళ్ళిందా, అక్కడే ఉందా? అక్కడే ఉంటే హోల్డర్లో పిన్నులు, సీలింగ్ రోజ్ (కప్పు దగ్గర వైర్లు కలిపే గుండ్రటి డబ్బా) లోపలి స్క్రూలు, స్విచ్, ఈ వరసలో చూడొచ్చు. మా ఇంట్లో అలా కాదు. పడగ్గది లైటు, ఫ్యాను, వరండా లైటు, బాత్రూం లైటు అన్నీ కలిసి ఒకేసారి పోయేవి. హాలు, వంటగది నిక్షేపంగా ఉండేవి. నాలుగు పాయింట్లు ఒకేసారి పోతే నాలుగు బల్బుల్నీ అనుమానించి లాభం లేదు. వాటన్నిటికీ కలిసొచ్చే వైరు ఏదో ఉంటుంది, కథ అక్కడుంది.

అప్పుడు స్విచ్ బోర్డు పక్కన ఒక కాగితం అంటించి, పెన్ను దారంతో వేలాడదీశాను. ఎవరు చూస్తే వాళ్ళు రాయాలి. నేనేమో "రాత్రి పోయింది" అని రాసి ఊరుకునేవాణ్ణి. అమ్మ అలా కాదు, "ఇస్త్రీ అయిపోయి బట్టలు బీరువాలో సర్దుతుంటే పోయింది" అని రాసేది. ఆవిడ రాసినవన్నీ వరసగా చదివితే ఎక్కడ చూసినా ఇస్త్రీయే. తమాషా ఏంటంటే, ఇస్త్రీ పెట్టె నడుస్తున్నంతసేపూ ఏమీ కాదు. ఆపేశాక, కాసేపటికి పోతాయి. లోడు ఎక్కువైతే పోవడం చూశాం గానీ, లోడు తీసేస్తే పోవడమేంటని మొదట నాకూ బోధపడలేదు.

ఆలోచిస్తే అందులో వింతేం లేదు. ఇస్త్రీ పెట్టె పడగ్గది బోర్డులోని చిన్న సాకెట్లో పెట్టేవాళ్ళం. అది 1000 వాట్లది, అంటే 230 వోల్టుల దగ్గర నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. ఆ గదిలో లైట్లూ ఫ్యానూ అన్నీ కలిపినా అర ఆంపియర్ లాగితే గొప్ప. ఎక్కడో లూజుగా ఉన్న జాయింటులోంచి ఆ నాలుగు ఆంపియర్లూ పోతుంటే అది వేడెక్కుతుంది, లోహం వ్యాకోచిస్తుంది, స్క్రూకీ వైరుకీ మధ్య పట్టు దొరుకుతుంది. ఆపేశాక చల్లారి ముడుచుకుంటుంది, సందు వస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం బాగుండి తెల్లవారుజామున పోయే లైట్ల వెనక కూడా చాలాసార్లు ఇదే కథ ఉంటుంది.

మరి ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్) ఎందుకు పడలేదంటావేమో. అది పడాలంటే కరెంటు దాని పరిమితి దాటాలి. లూజు కాంటాక్టు కరెంటుని తగ్గిస్తుందే గానీ పెంచదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) చూసేది ఫేజులో, అంటే కరెంటు వచ్చే వైరులో, వెళ్ళినంతా న్యూట్రల్లో, అంటే తిరిగెళ్ళే వైరులో, తిరిగొచ్చిందా లేదా అని. ఇక్కడ వెళ్ళినంతా వస్తూనే ఉంది, దానికేం అభ్యంతరం ఉంటుంది! బోర్డు లోపల జాయింటు మాడిపోతున్నా ఈ రెండూ చూస్తూ కూర్చుంటాయి. లూజు కాంటాక్టంటే నాకు భయం అందుకే.

ఇక అసలు సంగతి. ఒకరోజు లైట్లు పోయి ఉన్నప్పుడే నేను ఇంట్లో ఉన్నాను. ఏ స్విచ్చూ ఆపొద్దని అందరికీ చెప్పి, సాకెట్లో టెస్టర్ పెట్టాను. ఫేజు కన్నంలో వెలిగింది, సరే. న్యూట్రల్ కన్నంలోనూ వెలిగింది! లైటు స్విచ్, ఫ్యాను స్విచ్ అన్నీ ఆపించి మళ్ళీ పెడితే న్యూట్రల్లో వెలుగు పోయింది. అంతే, దొంగ ఎవరో తెలిసిపోయింది. న్యూట్రల్ ఎక్కడో తెగి ఉంది. ఫేజు స్విచ్ దాటి, బల్బులోంచి న్యూట్రల్ వైరు మీదకి వస్తోంది, అక్కణ్ణుంచి వెనక్కి పోయే దారి లేక నిలబడిపోయింది.

ఇది గుర్తుపెట్టుకోరా: లైటు వెలగలేదంటే కరెంటు లేదని కాదు. ఆ స్థితిలో న్యూట్రలే కదా అని నల్ల వైరు పట్టుకుంటే షాకు ఖాయం.

మల్టీమీటర్ ఉంటే మంచిదే గానీ అది చెప్పేదంతా నమ్మకు. డిజిటల్ మీటర్లు కరెంటు దాదాపు లాగవు. ఎటూ కలవని వైరు కూడా పైపులో ఫేజు వైరు పక్కనే పడుకుని ఉంటే, అరవయ్యో ఎనభయ్యో వోల్టులు చూపిస్తుంది. "సగం కరెంటొస్తోంది" అని మనం కంగారుపడతాం. అలాంటప్పుడు మా ఎలక్ట్రీషియన్ వాడేది పాత ఫిలమెంటు బల్బు ఒకటి, హోల్డర్‌కి రెండు వైర్లు తగిలించింది. ఆ లోడు పడగానే ఉత్తుత్తి వోల్టేజి సున్నా అయిపోతుంది, నిజమైనదైతే బల్బు వెలుగుతుంది. ఆ బల్బుని ఫేజుకీ ఎర్తుకీ మధ్య మాత్రం పెట్టకు. 40 వాట్ల బల్బు 170 మిల్లీ ఆంపియర్లకి పైగా లాగుతుంది, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఠక్కున పడుతుంది. ఇల్లంతా చీకటై, లేని టెన్షన్ ఒకటి తోడవుతుంది.

న్యూట్రల్ అని తేలాక, ఎక్కడ అన్నది మిగిలింది. ఇల్లంతా విప్పాలా? అక్కర్లేదు. కరెంటు ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి లూపు మీద లూపు వేసుకుంటూ పోతుంది. మా ఇంట్లో డీబీ (ఎంసీబీలుండే మెయిన్ బోర్డు) నుంచి హాలు బోర్డు, అక్కణ్ణుంచి పడగ్గది, అక్కణ్ణుంచి వరండా, బాత్రూం. హాల్లో లైటు ఎప్పుడూ పోలేదు, పడగ్గది నుంచి అన్నీ పోయాయి. అంటే బాగున్న చివరి పాయింటుకీ, పోయిన మొదటి పాయింటుకీ మధ్యలోనే ఉంది. సాధారణంగా పైపు మధ్యలో వైరు దానంతటది తెగదు, జాయింటే ఊడుతుంది. కాబట్టి చూడాల్సింది రెండే చోట్లు: హాలు బోర్డులోంచి బయల్దేరే కొస, పడగ్గది బోర్డులోకి చేరే కొస. నీ ఇంట్లో లూపు ఎటు పోయిందో తెలియకపోతే, ఏవి కలిసి పోతున్నాయో రాసుకున్న కాగితమే నీకు మ్యాపు.

ఈసారి ఎలక్ట్రీషియన్‌కి ఈ వివరాలన్నీ చెప్పి పిలిచాను. అతను ఏదీ విప్పకుండా, ముందు ఇస్త్రీ పెట్టె వేయమన్నాడు. ఒక పొడవాటి వైరుతో డీబీలోని న్యూట్రల్ బార్ నుంచి పడగ్గది దాకా లైను తెచ్చుకుని, దానికీ సాకెట్ న్యూట్రల్‌కీ మధ్య మీటరు పెట్టాడు. రెండూ న్యూట్రలే కదా, ఏమీ ఉండకూడదనుకుంటాం. మామూలుగా ఉండేది వైరు పొడవుని బట్టి వచ్చే కొద్దిపాటి వోల్టేజి డ్రాపే (తగ్గుదలే). 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకి 0.012 ఓం దాకా ఉంటుంది. పదిహేను మీటర్ల మీద నాలుగు ఆంపియర్లు పోతే ఒక వోల్టు కూడా రాదు. మాకు ఆరు చూపించింది, అదీ నిలకడ లేకుండా. మిగతా ఐదు వోల్టులూ ఆ ఒక్క జాయింటు తింటోందన్నమాట. ఐదు వోల్టులు, నాలుగు ఆంపియర్లు: ఇరవై వాట్ల వేడి. టంకం వేసే చిన్న సోల్డరింగ్ ఐరన్ పాతిక వాట్లుంటుంది. దాదాపు అలాంటిదొకటి గోడలో పెట్టి మూత బిగించినట్టు.

నాకు ఈ పరీక్ష ఎందుకు నచ్చిందంటే, లైటు పోయేదాకా కాచుకుని కూర్చోవక్కర్లేదు. లైట్లు వెలుగుతున్నప్పుడే లోపల సరిగ్గా లేదని పట్టిస్తుంది.

తర్వాత మెయిన్ ఆపి, ఫేజు ఎక్కడా లేదని టెస్టర్‌తో చూసుకుని (ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందే కరెంటున్న చోట చూసుకున్నాడు) హాలు బోర్డు విప్పాడు. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి సుమా. మెయిన్ ఆపినా దాని లైను బతికే ఉంటుంది. మూత తీయగానే గుప్పున చేపల కంపు. బోర్డుల్లో వాడే కొన్ని ప్లాస్టిక్కులు ఎక్కువ వేడెక్కితే అలాంటి వాసనే వస్తుందట. నీ ఇంట్లో ఏ బోర్డు దగ్గరైనా ఎప్పుడైనా అలా అనిపిస్తే, ఇంకేం ఆలోచించకుండా ఆపేసి చూపించు.

లోపల వైర్లని కలిపి స్క్రూతో బిగించే కనెక్టర్ని చేతిలోకి తీసుకుని చూశాను. తెల్లది కాస్తా ఒకవైపు ముదురు గోధుమరంగుకి తిరిగింది. స్క్రూ మీద ఇత్తడి మెరుపు లేదు, నల్లగా మాడింది. వైరు ఇన్సులేషన్ వేలెడంత మేర బిరుసెక్కి, వంచితే పెళపెళ విరిగింది. అసలు లోపం చిన్నదే. బిగించినప్పుడు ఇన్సులేషన్ సరిగ్గా వలవలేదు, స్క్రూ పట్టింది ఎక్కువగా ప్లాస్టిక్ మీద, రాగి పోగులు రెండో మూడో మాత్రమే దాని కిందకి వెళ్ళాయి. వేడికి ప్లాస్టిక్ మెత్తబడి అణిగే కొద్దీ స్క్రూ ఇంకా వదులైంది. వదులయ్యే కొద్దీ వేడి, వేడెక్కే కొద్దీ వదులు. ఇన్నేళ్ళూ ఎలా నెట్టుకొచ్చిందో!

బాగుచేయడానికి ఎంతోసేపు పట్టలేదు. నల్లబడ్డ రాగిని మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, వలిచి, కొసని మడిచి కొత్త కనెక్టర్లో బిగించి, గట్టిగా ఒకసారి లాగి చూశాడు. కొందరు పోగులు చెదరకుండా టంకం వేసి స్క్రూ కింద పెడతారు, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. అది మంచిది కాదు. ఒత్తిడికి టంకం మెల్లమెల్లగా జరిగిపోయి మళ్ళీ వదులవుతుంది. అదే బోర్డులో మిగతా స్క్రూలు కూడా బిగించాడు, అందులో ఇంకొకటి కూడా సగం తిరిగింది. ఒక చేత్తో చేసిన పనంతా ఒకేలా ఉంటుంది కదా. మళ్ళీ ఇస్త్రీ పెట్టె వేసి చూస్తే ఒక వోల్టు లోపే. ఇస్త్రీ పెట్టెని మాత్రం ఇప్పుడు పవర్ సాకెట్‌కి మార్చేశాం. అమ్మ ముందు గొణిగింది, అక్కడ గాలి రాదని.

నీ సంగతికొస్తే, నీవి రెండు వేర్వేరు జబ్బులనిపిస్తోంది. మెట్ల దగ్గర లైటుకి కిందా పైనా స్విచ్చులున్నాయన్నావు. రెండు స్విచ్చులకి నాలుగు పొజిషన్లు, అందులో రెండింట లైటు వెలగాలి. ఏ రెండో రాసుకో. ఒకదాంట్లో ఎప్పుడూ బాగా వెలిగి, ఇంకోదాంట్లోనే ఆడుతుంటే, ఆ పొజిషన్లో వాడే వైరో, స్విచ్ లోపలి కాంటాక్టో దోషి. బల్బు జోలికి పోనక్కర్లేదు.

వాన పడితే ఆర్‌సీసీబీ పడుతోందన్నావు చూడు, అది గేటు లైటు పని అయ్యుండొచ్చు. దాని స్విచ్ ఆపేసినా పడుతోందని దాన్ని వదిలేశావు, అలా వదిలేయకు. స్విచ్ ఆపేది ఫేజునే, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. తడికి ఆ న్యూట్రల్ ఎర్తుని తాకినా చాలు, ఆర్‌సీసీబీ పడుతుంది. ఇది మల్టీమీటర్‌కి దొరకదు, ఎలక్ట్రీషియన్ని మెగ్గర్ (ఎక్కువ వోల్టేజి పెట్టి ఇన్సులేషన్ని పరీక్షించే మీటరు) తెమ్మను. బల్బులూ ఎలక్ట్రానిక్ వస్తువులూ విప్పేసి 500 వోల్టుల మీద చూడాలి, కనీసం 1 మెగాఓం రావాలి. తడి ఆరకముందే చూపిస్తేనే దొరుకుతుంది.

ఇంకోటి, ఇది మాత్రం సరదాకి కాదు. ఇంట్లో కొన్ని లైట్లు మసకబారి, కొన్ని మామూలు కంటే మరీ ఎక్కువ వెలుగుతుంటే వెతుకుతూ కూర్చోకు. నీది త్రీఫేజు కనెక్షన్. మెయిన్ న్యూట్రల్ ఊడితే 230 రావాల్సిన చోట 400 దగ్గరదాకా వెళ్ళొచ్చు. టీవీ, ఫ్రిజ్ అన్నీ పోతాయి. మెయిన్ ఆపేసి కరెంటు వాళ్ళకి ఫోన్ చెయ్యి.

సరే, ముందు ఆ కాగితం అంటించు. వదినని రాయమను, నువ్వు రాస్తే నాలాగే "రాత్రి పోయింది" అంటావు. మెట్ల లైటు నాలుగు పొజిషన్లు, న్యూట్రల్ మధ్య రీడింగు (అది నువ్వు కాదు, ఎలక్ట్రీషియన్ చేత తీయించు) ఫొటో తీసి పంపు, కూర్చుని చూద్దాం.

ఉంటా మరి,
నీ
రాజుగాడు