బొర్రా గుహలకు దారి చూపిన ఖనిజాల రైలు

విజయవాడ,
ఆదివారం.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్న అందింది. సెలవుల్లో చెల్లెమ్మనూ పిల్లల్నీ తీసుకుని బొర్రా గుహలకు వెళ్లాలనుకుంటున్నావనీ, కారు మేలో రైలు మేలో చెప్పమనీ రాశావు. రైలులోనే వెళ్లు. ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వు.

జంక్షను కూతలు వింటూ పెరిగిన మనకు, రైలంటే జనం కోసమే వేస్తారన్న నమ్మకం ఉంటుంది. కొత్తవలస - కిరండూల్ మార్గం సంగతి వేరు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, అక్కడి నుంచి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960లలో అనంతగిరి కొండలను తొలిచి ఆ దారి వేశారు. ఆ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయి. గుహల గురించి ఆ కొండల గిరిజనులకు తరతరాలుగా తెలుసు. లోపలి శివలింగానికి వారు పూజలు చేస్తూనే ఉన్నారు. 1807లో విలియం కింగ్ జార్జ్ అనే ఆంగ్లేయుడు కనుగొన్నాడని రాయడం నాకు అందుకే నచ్చదు. అయితే, మనలాంటి మైదానపు వాళ్లను వేల సంఖ్యలో అక్కడికి చేర్చింది మాత్రం, ఖనిజం కోసం వేసిన ఆ పట్టాల మీద నడిచిన ప్యాసింజరు బండే.

శివలింగపురం దాటాక బండి నెమ్మదిగా కొండ ఎక్కుతుంది. సొరంగం రాగానే పెట్టె అంతా చీకటై, పిల్లలు ఒక్కసారిగా కేరింతలు కొడతారు, కిటికీలోంచి తడిరాతి వాసనతో చల్లగాలి ముఖాన కొడుతుంది, మరుక్షణం పచ్చటి లోయ కళ్లెదుట విప్పారుతుంది. 2017లో అద్దాల పైకప్పుతో విస్టాడోమ్ పెట్టె చేర్చాక, ఆ ప్రయాణం కోసమే వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు.

చిక్కు కూడా రైలుతోనే ఉంది. పొద్దున్నే విశాఖలో బయలుదేరిన బండి బొర్రా స్టేషనులో ఆగగానే జనమంతా ఒక్కసారే దిగి గుహల వైపు నడుస్తారు. అందువల్ల లోపల నిలబడి చూసే తీరిక దొరకదు. నేను జనాన్ని ముందు పోనిచ్చి వెనక నిలబడ్డాను. పైనుంచి జారిన నీటిబొట్టు మణికట్టు మీద పడింది; సున్నపురాయిని కరిగించి, గడ్డకట్టించి, ఆ స్తంభాలను పోతపోసింది అలాంటి బొట్లే. మన తలల మీదుగానే రైలు పట్టాలు పోతాయని గైడు చెబితే, అప్రయత్నంగా పైకి చూశాను.

ఆ పరిసరాల్లో గనుల లీజులపై, గిరిజనుల హక్కుల కోసం పనిచేసే సమత అనే సంస్థ పోరాడి, 1997లో సుప్రీంకోర్టులో గెలిచింది. ఆ తీర్పే రాకపోతే, నేడు ఆ కిటికీలోంచి చూడటానికి ఎన్ని కొండలు మిగిలేవో!

ముందురోజు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ చేరి, రాత్రి అక్కడ ఉండండి. గుహల మెట్లు తడిగా ఉంటాయి కనుక చెల్లెమ్మను పట్టున్న చెప్పులు వేసుకోమను. విస్టాడోమ్ టికెట్లు త్వరగా అయిపోతాయి. తేదీ ఖాయం కాగానే రాయి, నేనూ మీతో వస్తాను.

నీ,
ప్రాణమిత్రుడు.