గత అక్టోబరులో వేసిన నాచు పచ్చికల గురించి

సియాటిల్ చుట్టుపక్కల మా వద్ద పెరటి పనులు చేయించుకున్న తెలుగు కుటుంబాలన్నింటికీ నమస్కారం. గత అక్టోబరులో గడ్డి తీయించి నాచు పచ్చిక వేసిన పెరళ్లలో మూడు చోట్ల అది నిలవలేదు. తప్పు మీ పోషణలో లేదు, మేము నేలను సిద్ధం చేసిన తీరులో ఉంది.

బాథెల్‌లోని ఒక పెరట్లో అంచును వేలితో లేపితే నాచు అప్పడంలా ఒక్క ముక్కగా పైకి వచ్చింది. అడుగున మేమే పోసిన కంపోస్టు మట్టి గుల్లబారి, పొడిపొడిగా ఉంది. నాచుకు నిజమైన వేర్లు ఉండవు. నూలుపోగుల్లాంటి తంతువులతో నేలను అంటిపెట్టుకుని, నీటిని ఆకులతోనే పీల్చుకుంటుంది కనుక, దానికి కావలసింది ఎరువు కలిపిన మెత్తని మట్టి కాదు, చదును చేసి గట్టిగా అణచిన నేల. గడ్డికి చేసినట్టే దీనికీ తవ్వి ఎరువు వేయడం మా పొరపాటు.

నేలలో ఆమ్ల గుణం పెంచడానికి చల్లిన గంధకం విషయంలోనూ తొందరపడ్డాము. వానలు ఎక్కువగా కురిసే ఈ ప్రాంతపు నేలల్లో ఆమ్ల గుణం సహజంగానే ఉంటుంది. ఆమ్ల గుణాన్ని కొలిచే పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5, 6 మధ్య ఉంటే నాచుకు చాలు. గడ్డి కోసం ఏళ్ల తరబడి సున్నం చల్లిన చోట మాత్రం పీహెచ్ పెరిగి, గడ్డీ కలుపూ నాచును కమ్మేస్తాయి. పైగా గంధకాన్ని ఆమ్లంగా మార్చేవి నేలలోని సూక్ష్మజీవులు. చలికి అవి మందగిస్తాయి కాబట్టి అక్టోబరులో చల్లి వెంటనే నాచు పరచడం వల్ల ప్రయోజనం లేకపోయింది. ఇకపై ముందుగా మట్టి పరీక్ష చేయిస్తాము. పీహెచ్ 6 దాటితేనే వసంతంలో గంధకం కలిపి, వేసవి గడిచాక మళ్లీ పరీక్షించి నాచు వేస్తాము. పరీక్ష లేకుండా చల్లిన గంధకానికి తీసుకున్న సొమ్మును అందరికీ తిరిగి ఇస్తున్నాము.

ఆమ్ల గుణం పెరుగుతుందని కొందరు సొంతంగా ఐరన్ సల్ఫేట్ చల్లారు. అది మన ఊళ్లలో పైరు పాలిపోతే పిచికారీ చేసే అన్నభేదే. ఇక్కడి దుకాణాల్లో దాన్ని నాచును చంపడానికే అమ్ముతారు. దయచేసి వాడకండి.

ఆ మూడు పెరళ్లలోని కంపోస్టును తొలగించి, నేలను రోలర్‌తో అణచి, వచ్చే అక్టోబరులో మా ఖర్చుతోనే తిరిగి వేస్తాము. అప్పటిదాకా అక్కడ సున్నం గానీ ఎరువు గానీ వేయకుండా, రాలిన ఆకులను మాత్రం ఊడ్పించి ఉంచండి.