సీట్లు పోయాయి సరే, ఓట్లు ఎక్కడున్నాయి?

సంపాదకులకు,

ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ‘వామపక్షాలకు సున్నా’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం పత్రికలకు అలవాటైపోయింది. సీట్లు లెక్కపెట్టడం తేలిక మరి. ఊరూరా ఓట్లు, సంఘాలు లెక్కపెడితే కథ వేరుగా ఉంటుంది. విచిత్రమేమంటే ఓడినవాళ్లు కూడా ఆ లెక్క సరిగా చూసుకోరు.

1955 ఫిబ్రవరి నాటి ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికలనే తీసుకోండి. ప్రకాశం ప్రభుత్వం పడిపోయాక వచ్చినవి. ఈసారి అధికారం కమ్యూనిస్టులదేనని చాలామంది అనుకున్నారు. తీరా 196 స్థానాల్లో దక్కినవి 15. అంతకు మూడేళ్ల ముందు ఇవే జిల్లాల్లో 41 గెలిచిన పార్టీ అది! కానీ ఓట్లు చూడండి: 1952లో 22 శాతానికి కాస్త అటూఇటూ, 1955లో 31 శాతం. ఓట్లు పెరిగాయి, సీట్లు సగానికంటే తక్కువకు పడ్డాయి. 1952లో కాంగ్రెస్, ఎన్.జి. రంగా నడిపిన కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం వర్గం ఎవరికి వారు నిలబడి ఓట్లు చీల్చుకున్నారు. 1955లో ఒకే అభ్యర్థి వెనక చేరారు. ముక్కోణపు పోటీలో గెలిపించిన ఓటు ముఖాముఖిలో చాల్లేదు. పైగా సరిగ్గా పోలింగ్ ముందు సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంది. కాంగ్రెస్‌వాళ్లు దాన్ని వాడుకోకుండా ఉంటారా?

అంత దెబ్బ తిన్నాక కూడా ఉద్యమం చెదరలేదు. గన్నవరం నుంచి గెలిచిన కమ్యూనిస్టు నేత సుందరయ్య ఆ కొద్దిమందితోనే సభలో ప్రతిపక్షం నడిపారు. 1957లో తరిమెల నాగిరెడ్డి అనంతపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. పార్టీ పత్రిక విశాలాంధ్ర ఆగలేదు. 1962లో 300 స్థానాల సభలో 51 వచ్చాయి. తెలంగాణ కూడా కలిసింది కాబట్టి 15తో నేరుగా పోల్చకూడదు, అయినా అది తుడిచిపెట్టుకుపోయిన పార్టీ అంకె కాదు. అసలు దెబ్బ పార్టీ సీపీఐ, సీపీఎంలుగా రెండైన 1964 చీలిక. 1967లో సీపీఐకి 11, సీపీఎంకు 9. కాంగ్రెస్ ఓడించి చేయలేని పని ఇంటి తగువు చేసింది.

రెండో ఉదాహరణ మన కళ్లముందుదే. 1994లో తెలుగుదేశంతో పొత్తులో రెండు పార్టీలకూ కలిపి 34 సీట్లు. పొత్తు పోయాక 1999లో రెండు. ఆ 34లో సొంతవెన్ని, అరువువెన్ని అన్నది అప్పుడు బయటపడింది. అయితే మరుసటి ఏడాదే విద్యుత్ ఛార్జీల పెంపు మీద ఉద్యమం లేచింది, తొమ్మిది వామపక్షాలు ముందు నడిచాయి. అది ఎందుకు అంటుకుందో గమనించాలి. కరెంటు బిల్లు నెలనెలా ప్రతి ఇంటికీ వస్తుంది. పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. ప్రపంచ బ్యాంకు సంస్కరణల గురించి గంటసేపు చెప్పినా కదలని మనిషి ఆ రెండు కాగితాలు చూసి కదిలాడు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఇదంతా సభలో ఇద్దరే ఉన్న కాలంలో జరిగింది. 2004లో సీట్లు 15కు పెరిగాయి. అవీ కాంగ్రెస్ పొత్తుతో వచ్చినవేనని మరిచిపోకూడదు.

ఇక ఓడిన మర్నాడు చేయాల్సిన పని. నియోజకవర్గానికి ఎన్నికల సంఘం ఇచ్చే ఫారం 20లో ఒక్కో పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో వరుసగా ఉంటుంది. గత మూడు ఎన్నికలవి తీసి పక్కపక్కన పెట్టాలి. పోలింగ్ కేంద్రాల నంబర్లు మారుతుంటాయి, నంబరు చూసి పోలిస్తే ఊరు తప్పుతుంది. కేంద్రాల జాబితాలో ఊరి పేరు చూసి జతపరచాలి. పొత్తులో పోటీచేసిన ఏడాది అంకె సొంత బలం చెప్పదు. గుర్తు మీద జరిగే ఎంపీటీసీ ఓట్లు నయం. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుపై జరగదు కాబట్టి అది లెక్కకు రాదు.

ఆ పట్టీ పక్కన వ్యవసాయ కార్మిక సంఘం సభ్యత్వం రాయండి. 200 మంది సభ్యులున్న ఊళ్లో 40 ఓట్లు పడితే తప్పు ఓటరుది కాదు. చాలాచోట్ల ఏడాది చివర టార్గెట్ కోసం ఎవరో ఒకరు జేబులోంచి డబ్బు కట్టి రసీదు పుస్తకం నింపేస్తారు. ఆ 200 కాగితం మీద సభ్యులే. రసీదు కౌంటర్‌ఫాయిల్ పట్టుకుని పది ఇళ్లకు వెళితే సంగతి తేలిపోతుంది. అలా తేల్చుకోవడం ఇష్టంలేకే ‘డబ్బు పంచారు, అందుకే ఓడాం’ అన్న మాట దగ్గర సమీక్షలు ఆగిపోతున్నాయి. డబ్బు పంచింది నిజమే. పంచినా మనకు పడిన ఓట్లు ఏ ఊళ్లలోనివి?

చిన్న హెచ్చరిక కూడా. ఓడిన అభ్యర్థి సైతం ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడిపోయాం కదా అని వదిలేస్తే మూడేళ్లు పోటీకి అనర్హత వేటు పడొచ్చు.

విద్యుత్ మళ్లీ ఇంటింటి సమస్యే అయింది, ట్రూఅప్ ఛార్జీలు (గతంలో అయిన అదనపు ఖర్చును తర్వాతి బిల్లుల్లో రాబట్టేవి), స్మార్ట్ మీటర్ల రూపంలో. విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కమ్‌లు) ఏటా నవంబరు నెలాఖరుకల్లా వచ్చే ఏడాది ఖర్చుల ప్రతిపాదనలు విద్యుత్ నియంత్రణ మండలికి ఇవ్వాలి. వాటిపై ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడవచ్చు. అక్కడికి వెళ్లేవాళ్లు ఊరి బిల్లులు వెంట తీసుకెళ్లాలి.

ఇట్లు
కొందరు పాఠకులు, ఏలూరు