ట్రాన్స్‌ఫార్మర్ మీద తీగ రాగో అల్యూమినియమో రాసి అమ్మాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను తెనాలిలో వైండింగ్ షాపు నడుపుతున్నాను. మా నాన్నగారి రోజుల్లో స్టెబిలైజర్లు, మైక్‌సెట్ యాంప్లిఫయర్ల ట్రాన్స్‌ఫార్మర్లే మా పని. స్టెబిలైజర్ల బేరం తగ్గిపోయాక కొత్త రకం వాళ్లు వస్తున్నారు. ఇంట్లో ఉన్న పాత సీడీ ప్లేయరో, కంప్యూటర్‌లోని పాటను యాంప్లిఫయర్‌కి పంపే డీఏసీ పెట్టో విప్పుకొచ్చి, "అక్కా, దీనికి మంచి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిపెట్టు" అంటున్నారు. వాళ్లలో ఇంజినీరింగ్ పిల్లలున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, రిటైరైన మాస్టార్లున్నారు. ఉన్న వస్తువును పారేయకుండా బాగుచేసుకుందామనే వాళ్ల పట్టుదల నాకు చాలా ఇష్టం. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

ట్రాన్స్‌ఫార్మర్ మారిస్తే పాట మొత్తం మారిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. సీడీలో పాట అంకెల రూపంలో ఉంటుంది: సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కొక్కటి 16 బిట్లు. మీరు ఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఆ అంకెలు అవే. కానీ ఆ అంకెల్ని శబ్దంగా మార్చే చిప్పుకీ, దాన్ని నడిపే క్లాకుకీ, చివర్లో ఉండే ఐసీలకీ కరెంటు వెళ్లేది ట్రాన్స్‌ఫార్మర్ నుంచే. ఫ్రిజ్, ఇన్వర్టర్, చౌక ఎల్‌ఈడీ బల్బులు లైన్లోకి వదిలే రొద దాని గుండా లోపలికి చేరితే, పాట ఆగిన చోట స్పీకర్లో సన్నగా వినబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలోని ఇనప కోరు నుంచి బయటికి వచ్చే అయస్కాంత క్షేత్రం పక్కనున్న బోర్డు మీద పడితే గుయ్‌మనే హమ్ వస్తుంది. మంచి ట్రాన్స్‌ఫార్మర్ ఈ రెండింటినీ బాగా తగ్గిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగం కనబడేది అమెరికా నుంచి వచ్చిన సెట్లలో. మా వైపు చాలా ఇళ్లలో అబ్బాయో కోడలో అక్కణ్నుంచి తెచ్చిన ప్లేయర్ ఒకటుంటుంది. వెనక '120 వోల్టులు, 60 హెర్ట్జ్' అని ఉంటుంది. ఇక్కడ లైను వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని తగిలిస్తారు. వోల్టేజీ సరిపోయింది కదా అనుకుంటారు గానీ, మన లైను 50 హెర్ట్జ్. అదే 120 వోల్టులు 50 హెర్ట్జ్ మీద ఇస్తే కోరులో అయస్కాంత ఒత్తిడి ఐదో వంతు పెరుగుతుంది. 60కే లెక్కగట్టి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ అయితే వేడెక్కుతుంది, గుర్రుమంటుంది, కొన్నాళ్లకు లోపలి ఇన్సులేషన్ పోతుంది. పైగా బజారులో దొరికే చిన్న స్టెప్‌డౌన్లు చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. వాటిలో లైనూ అవుట్‌పుట్టూ ఒకే చుట్టకు కలిసి ఉంటాయి, విడిగా ఉండవు. ఆ డబ్బుతో సెట్టు లోపలికే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకుంటే పక్కన ఆ బరువు పెట్టె అక్కర్లేదు.

ఇక చుట్టడం సంగతి. ఆరు చదరపు సెంటీమీటర్ల కోరుకు వోల్టుకు 7 చుట్లు మా మామూలు లెక్క. అంటే 230 వోల్టుల లైను తగిలే ప్రైమరీ చుట్టకి 1,610 చుట్లు. ఆడియో సెట్టుకైతే నేను వోల్టుకు 8 వేస్తాను, మొత్తం 1,840. ఖర్చు తగ్గించుకునేవాళ్లు 5తో సరిపెడతారు. రాత్రిపూట లైను 250కి పోయినప్పుడు అలాంటి కోరు ఇక అయస్కాంతం పట్టలేక సాచురేట్ అయ్యే దాకా వెళ్తుంది, హమ్ మొదలవుతుంది. చుట్లు పెంచితే తీగ చుట్టే బాబిన్‌లో చోటు చాలదు. సన్నవైరు వేస్తే రెసిస్టెన్సు పెరుగుతుంది. అందుకే కోరు ఒక సైజు పెద్దది తీసుకోవాలి. అంతేగానీ ఎంత లోడు మోయగలదో చెప్పే వీఏ రేటింగ్ ఊరికే మూడింతలు పెంచమని అడగడంలో అర్థం లేదు. లోడు తక్కువగా ఉంటే సెట్టుకి కరెంటిచ్చే సెకండరీ చుట్ట వోల్టేజీ ఎక్కువ నిలబడి, ఆ తేడా అంతా వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఐసీలో వేడిగా పోతుంది.

లైను రొదను ఆపేది షీల్డు. ప్రైమరీ, సెకండరీ తీగలు తగలకపోయినా, అంత దగ్గరగా ఉండటం వల్ల మధ్యలో కెపాసిటర్ ఏర్పడుతుంది. హై ఫ్రీక్వెన్సీ రొద దాన్ని దాటేస్తుంది. రెండిటి మధ్య పలచని రాగి రేకు ఒక్క చుట్టు వేసి, దాన్నుంచి వైరు తీసి ఎర్త్‌కి కలిపితే ఆ రొద చాలావరకు అటు పోతుంది. రేకు కొసలు ఒకదాని మీదికొకటి వచ్చే చోట కరెంటు దాటనివ్వని లెదరాయిడ్ కాగితం పెట్టి తీరాలి. కొసలు తగిలాయా, అది షార్టైన చుట్టు అవుతుంది. స్విచ్ వేసిన కాసేపటికే మొత్తం మాడిపోతుంది. కోరు గుండ్రటి రింగులా ఉండే టొరాయిడల్ వాడితే అయస్కాంత క్షేత్రం బయటికి తక్కువ వస్తుంది, నిజమే. కానీ దానిలో చుట్ల మీద చుట్లు పడతాయి కాబట్టి నేను చెప్పిన కెపాసిటర్ పెద్దది. లైను బాగా రొదగా ఉన్న ఇంటికి ప్రైమరీ ఒక అరలో, సెకండరీ ఇంకో అరలో ఉండే బాబిన్ మీద చుట్టిన, E, I ఆకారపు రేకులు పేర్చిన మామూలు ఈఐ కోరే మేలని నా అభిప్రాయం.

సీడీ ప్లేయర్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చేవాళ్లు తరచూ మరిచిపోయేది డిస్‌ప్లే. మోటార్లకి, డిజిటల్ భాగానికి, ఆడియో భాగానికి విడివిడి సెకండరీలు ఉండటం అందరూ చూస్తారు. నీలిపచ్చ అంకెలు వెలిగే డిస్‌ప్లేకి మాత్రం ఫిలమెంటుకో చిన్న ఏసీ వోల్టేజీ, దానితో పాటు మైనస్ పాతిక, ముప్పై వోల్టులు వేరే కావాలి. అది చుట్టకపోతే పాట వస్తుంది, అంకెలు రావు. కాబట్టి పాతది పూర్తిగా పీకేయకముందే, సెట్టు నడుస్తుండగా ప్రతి సెకండరీ వోల్టేజీ తెలిసినవాళ్ల చేత కొలిపించి, కాగితం మీద రాసుకుని రండి.

ప్లేయర్ నుంచి డీఏసీకి అంకెల్ని మోసే కోయాక్సియల్ కేబుల్ దారిలో పెట్టే 75 ఓమ్‌ల పల్స్ ట్రాన్స్‌ఫార్మర్ గురించి కూడా అడుగుతుంటారు. రెండు పెట్టెల ఎర్త్‌లు కలిసి హమ్ వస్తుంటే అది బాగా పనికొస్తుంది. గింజంత ఉంటుంది, మేం చుట్టేది కాదు. రెడీమేడ్‌గా కొనుక్కోవాలి.

ఇప్పుడు నా బాధ. ఈ మధ్య ఒక కుర్రాడు పెద్ద ఊళ్లో కొన్న టొరాయిడల్ తెచ్చాడు. ప్యూర్ కాపర్ అని చెప్పి అమ్మారట. అరగంటకే చెయ్యి పెట్టలేనంత వేడి. వైరు కొస కోసి చూపిస్తే లోపల తెల్లగా ఉంది, పైన మాత్రం రాగి పూత. అదే మందం రాగి తీగతో పోలిస్తే అల్యూమినియానికి రెసిస్టెన్సు సుమారు 1.6 రెట్లు. అల్యూమినియంతో చుట్టడం తప్పు కాదు, దానికి తగ్గ లావు వైరు వేసి, అల్యూమినియమే అని చెప్పి అమ్మితే. రాగి ధర తీసుకుని ఇలా ఇవ్వడం మోసం. ఆ కుర్రాడు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులవి. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఇంకో సంగతి ప్రాణాలకు సంబంధించింది. సెకండరీ వైపు పొరపాటు జరిగితే ఐసీ పోతుంది. ప్రైమరీ వైపు జరిగితే మనిషి పోతాడు. ప్రైమరీకి 250 మిల్లీ ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు, జాయింట్ల మీద స్లీవు, ఇనప పెట్టెకి ఎర్త్ వైరు లేకుండా మూత బిగించవద్దు. మూడు పిన్నుల సాకెట్టు ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో ఆ పెద్ద పిన్ను వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోండి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ని మొదటిసారి నేరుగా లైనుకి పెట్టకుండా 60 వాట్ల ఫిలమెంటు బల్బు సీరీస్‌లో వేసి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే సరే. గట్టిగా వెలుగుతూనే ఉంటే వెంటనే తీసేయండి, ఎక్కడో షార్టుంది. మా షాపులో ప్రైమరీకీ కోరుకీ మధ్య ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూడకుండా ఏదీ బయటికి పంపం. మీరు ఎక్కడ చుట్టించినా ఆ పరీక్ష మీ కళ్ల ముందే చేయమని అడగండి. మంచి వైండర్ ఎవరూ కోప్పడరు.

దుకాణాల వాళ్లకి, తయారుచేసేవాళ్లకి మీ పత్రిక ద్వారా నా విజ్ఞప్తి ఇది. విడిగా అమ్మే ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ మీద వైరు రాగో, అల్యూమినియమో, రాగి పూత వేసిన అల్యూమినియమో స్పష్టంగా రాయండి. వీఏ, ఎన్ని హెర్ట్జ్, ఇన్సులేషన్ ఎన్ని వోల్టుల దగ్గర పరీక్షించారో కూడా తెలుగులో చీటీ అతికించండి. కొనేవాళ్లు కూడా బిల్లు మీద ఆ మాట రాయించుకోవాలి. వినియోగదారుల వ్యవహారాల అధికారులు ఈ చీటీని తప్పనిసరి చేస్తే మాలాంటి చిన్న షాపుల వాళ్లం సంతోషంగా పాటిస్తాం.

ఇట్లు
ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ షాపు నిర్వాహకురాలు,
తెనాలి