సక్సిమర్ మందు తెప్పించి ఇచ్చిన కోఠి పెద్దాయనకు కృతజ్ఞతలతో

మా బాబు రక్తంలో సీసం బాగా తగ్గిందని నిన్న రిపోర్టు వచ్చింది. నిద్రలేక కళ్లు మూతలు పడుతున్నా, ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోలేకపోతున్నాను.

కడుపునొప్పి, రక్తహీనత అంటూ తిరగ్గా తిరగ్గా ఒక డాక్టరుగారు సీసం పరీక్ష చేయించారు. పదేళ్లలోపు పిల్లలకు డెసీలీటరుకు 45 మైక్రోగ్రాములు ఉంటే కీలేషన్ చికిత్స (ఒంట్లోని సీసాన్ని మందుతో బయటకు పంపించడం) చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మావాడికి అంతకు మించే ఉంది. సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటకు పంపే సక్సిమర్ క్యాప్సూల్స్ రాశారు గాని, ఎక్కిన దుకాణమల్లా లేదంది.

కోఠిలో షట్టరు సగం దించిన ఒక టోకు మందుల దుకాణం ముందు ఎటు వెళ్లాలో తోచక నిలబడిపోయాను. లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చి, "ఆ చీటీ ఇలా ఇవ్వండమ్మా" అన్నారు. చిల్లరగా కొనే నాతో ఆయనకు పనే లేదు. అయినా స్టూలు వేసి కూర్చోబెట్టి, తెలిసిన డీలర్లందరికీ వరసగా ఫోన్లు చేసి, ముంబయిలో ఒకరి దగ్గర ఉన్నాయని తెలుసుకుని, తన పూచీ మీద తెప్పించారు. మందు ఇస్తూ, కుళ్లిన గుడ్డు వాసన వస్తుందని, పిల్లవాడు మింగలేకపోతే డాక్టరుగారిని అడిగి, క్యాప్సూల్ విప్పి పొడిని మెదిపిన అరటిపండు మీద చల్లి వెంటనే తినిపించమని చీటీ వెనుక తన చేత్తో రాసిచ్చారు. కొరియర్ ఖర్చు ఇవ్వబోతే, "ముందు పిల్లవాడి సంగతి చూడండమ్మా" అన్నారు. కన్నతల్లి ముందు కూడా బిగబట్టుకున్న ఏడుపు అక్కడ ఆగలేదు. పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు.

మావారు, అమ్మ, ఆడపడుచు ఆసుపత్రిలో వంతులవారీగా ఉన్నారు. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్న మందు, ఇంత పెద్ద నగరంలో ఒక మనిషి దయ మీద దొరకవలసి రావడం అన్యాయం. సీసం ఉండే పాత బ్యాటరీల మీద 2001లోనే నిబంధనలు వచ్చాయి, 2022లో కొత్తవీ వచ్చాయి. అయినా మా పాత ఇంటి వెనుక షెడ్డులో బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తూనే ఉన్నారు. ఫిర్యాదు తీసుకున్న కార్యాలయం చూస్తామని ఊరుకుంది. చుట్టూ సీసం ఉండగా మందు వేసి ప్రయోజనం లేదని డాక్టరుగారు చెబితే మేము ఇల్లు మారాము. మారే స్తోమత లేనివాళ్ల పిల్లలకు ఎవరు దిక్కు? ఎముకల్లో దాగిన సీసం మళ్లీ రక్తంలోకి వస్తుంది కాబట్టి మావాడికి ఇంకా పరీక్షలున్నాయి.

హడావుడిలో మరిచాను: నరం దొరక్క బాబు ఏడుస్తుంటే పాట పాడుతూ రక్తం తీసిన ల్యాబ్ అమ్మాయికి, అడ్వాన్సు తరువాత చూద్దామని తాళాలిచ్చిన కొత్త ఇంటి ఓనరుగారికి కృతజ్ఞతలు. ముంబయి డీలరుగారికి కూడా. ఆయన నన్ను చూడనైనా లేదు, డబ్బు ముందు అడగనూ లేదు.